గడి ముందర దరువు

"అవ్వా, తొవ్వ ఇడువు. పొద్దెక్కుతున్నది."

బాలవ్వ కదల్లేదు. గడపకు అడ్డంగా కూర్చుంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క తట్టను బోర్లేసి దాని మీదే కూర్చుంది. పారను వెనక్కి తోసి, దాని కామ మీద కాలు పెట్టింది. కోడి కూసినప్పటి నుంచి అదే కూర్చోవడం. జొన్న గటక ముట్టలేదు. నీళ్ళు ముట్టలేదు.

కొమురెల్లి వాకిట్లో నిలబడ్డాడు. చీకటి ఉండగానే చెరువు కట్ట మీదికి పోయి, కట్ట తెగిన గండికి ఈ ఒడ్డున ఆ ఒడ్డున మేకులు పాతి, తాడు లాగి, ఊరి కోసం ఎదురు చూశాడు. ఊరు రాలేదు. నిన్న చావడి దగ్గర తలలూపిన వాళ్ళలో ఒక్కడు రాలేదు. చివరికి తానే తిరిగి వచ్చాడు. వస్తే ఇంటి గడప మీద కన్నతల్లే అడ్డం.

"నిన్న అందరు ఒప్పుకున్నరు గదనే! కాపోళ్ళు వస్తమన్నరు, గొల్లోళ్ళు వస్తమన్నరు, మన వాడోళ్ళు ముందుగాల మేమే అన్నరు. ఏడికి పోయింది ఊరు?"

"ఊరు ఏడికి పోలే." జవాబు చెప్పింది బాలవ్వ కాదు. కొమురెల్లి పెండ్లాం రాజక్క. అప్పుడే గల్లీలన్నీ తిరిగి వచ్చి దాలి గుంట దగ్గర నిలబడి చెమట తుడుచుకుంటోంది. "ఇండ్లల్లనే ఉన్నది. తలుపులు పెట్టుకొని ఉన్నది."

"ఎందుకట్ల?"

"ఎందుకా? మామను అడుగు."

కొమురెల్లి తండ్రి అంతయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒడిలో డప్పు. ఊరి డప్పు అతనిదే. అతని తండ్రిదీ అదే. రాత్రి కొమురెల్లే చెప్పాడు, పొద్దున్నే కట్ట పనికి చాటింపు వెయ్యమని.

"ఏమని చాటినవ్ బాపు?"

"నువ్వు చెప్పిందే. ఇంటికొక మనిషి, మనిషికొక తట్ట, చెర్వు కట్టకు రావాలె."

"గంతేనా?"

"గంతే."

"మరింకేంది?"

"మాట కాదు," అంది రాజక్క. "దరువు. ఏ దరువు కొట్టిండో అడుగు."

కొమురెల్లి తండ్రి ఒడిలోని డప్పు వైపు చూశాడు.

ఆ ఊళ్ళో చావుకు ఒక దరువు ఉంది. పెళ్ళికి ఒకటి, పోచమ్మ బోనానికి ఒకటి, పన్ను కట్టమనడానికి ఒకటి. పనికి పిలవడానికి ఒకటే ఒకటి ఉంది. రెండు దెబ్బలు గట్టిగా, ఒకటి సాగదీసి. కోటలాంటి గడిలో ఉండే దొర కట్టకు, గడి దొర పొలానికి, గడి దొర బిడ్డ పెండ్లికి ఊరిని ఉత్త పుణ్యానికి ఈడ్చుకుపోయిన దరువు. వెట్టి దరువు. వెట్టి పోయి పదేళ్ళవుతోంది. పోలీసు చర్య వచ్చింది, చట్టం వచ్చింది, రెండుసార్లు ఎలక్షన్లు వచ్చాయి, హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. చెవులు మాత్రం పాతవే.

"దేవవ్వ పొయ్యిల నీళ్ళు పోసింది," అంది రాజక్క. "పొగ కనవడితె ఇంట్ల మనిషి ఉన్నదని ఎరుకైతదట. సాంబయ్య తాత ఎనుక గోడ దుంకి జొన్న కొయ్యల్లకు ఉరికిండు. మోకాలు పలిగింది. నేనే పోయి లేపుకొచ్చిన. ఏమడిగిండు తెల్సునా? 'గడి మనుషులు పోయిండ్రా బిడ్డా' అని అడిగిండు."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

వెట్టి పోవాలని ఊరూరా మాట్లాడిన నోరు కొమురెల్లిది. ఆ నోటితోనే వెట్టి పిలుపు పంపాడు. తప్పు తనది. కోపం తండ్రి మీద తీర్చుకున్నాడు. మనుషులు ఇలాగే చేస్తారు.

"నీకన్న తెల్వద్దా బాపు? ఇంకోటి కొట్టరాదా?"

"ఇంకోటేది కొట్టాలె? సావుది కొట్టాల్నా?"



కొమురెల్లి తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. "అవ్వా, ఇది వెట్టి కాదే. దొర పని కాదు. మన పని. ఎవల బువ్వ కోసం వాళ్ళు చేసుకునే పని. తట్ట ఇయ్యి."

బాలవ్వ అతని మొహం వైపు చూసింది. చూపు అతని మీద ఆగలేదు, అతన్ని దాటి వాకిలి అవతలికి పోయింది.

అప్పుడు వచ్చాడు గట్టయ్య.

గట్టయ్య, కొమురెల్లి దొరల మీద లేచిన ఒకే సంఘంలో పెరిగారు. అడవిలో ఒకే గొంగడి కప్పుకుని పడుకున్నారు, ఒకే జైలు గంజి తాగారు. గండి సంగతి వచ్చిన దగ్గర్నుంచి ఇద్దరికీ పడటం లేదు.

"అయిపోయిందా నీ దానం?" వాకిట్లో కాలు పెడుతూనే అన్నాడు. "శ్రమదానం! పేరు మంచిగనే ఉన్నది. దానం చేసెతందుకు ఒక్కడన్న దొరికిండా?"

"కూసో గట్టయ్యా. లొల్లి వెట్టకు."

"నేను ఆనాడే చెప్పిన. గండి పూడ్సుడు సర్కారు పని. జెండలు పట్టుకొని పోదాం, ఆఫీసు ముంగట కూసుందాం అంటె ఇనకపోతివి."

"పోలేదా? తిరిగి తిరిగి చెప్పులరిగినయి. వస్తం, చూస్తం, కొలుస్తం అన్నరు. కొలిచిపోయిండ్రు సుత. గండి కొలిస్తె పూడుతదా? మిరుగం కార్తె ముంగటికొచ్చె. వాన పడ్డదంటె ఆ నీళ్ళన్ని గండిలకెళ్ళి వాగుల కలుస్తయి. సర్కారుతోని కొట్లాట నేనేమన్న ఇడిసిపెట్టిన్నా? కొట్లాడుదాం. కని నీళ్ళు ఆపేది కట్ట."

"నువ్వు కడితె సర్కారుకు సుఖమాయె. దొరకింకా సుఖమాయె. కట్ట కింద సగం పొలం ఎవనిదిరా? వాని మడి పారబెట్టనీకె మా నెత్తుల మీద తట్టలు పెడుతవా?"

"కడమ సగం ఎవలది? దేవవ్వది కాదా? సాంబయ్యది కాదా? నీ కౌలు మడి ఏడున్నది? ఊరి బాయిలల్ల నీళ్ళు ఏడికెళ్ళి ఊరుతయి? చెర్వు ఎండినంక మన ఆడోళ్ళు వాగుల చెలిమలు తోడి ముంతలతోని ముంచుకుంటున్నరు. ఇంకొక్క కారు గిట్లనే పోతె సగం ఊరు బెల్లంపల్లి బొగ్గుబాయిలల్ల ఉంటది. గప్పుడు నీ జెండ ఎవడు పడుతడు?"

"జెండ లేని పనేం పనిరా?"

"జెండను నేను కాదంటలేను. కట్ట మీదికి వద్దంటున్న. కాంగ్రెసోనికి గదే చెప్పిన, నీకు గదే చెప్తున్న. నిరుడు ఓటు ఎవనికేసినవని అడిగి తట్ట అందిచ్చుడు నాతోని కాదు."

"పెద్దమనిషివైనవ్ లే."

"నువ్వు పిల్లగానివైనవ్ లే!" అంది రాజక్క మధ్యలో దూరి. "మీరిద్దరు గిట్లనే మాట్లాడుకోండ్రి. మిరుగం పోతది, ఆరుద్ర పోతది. మీ మాటలు పోసి గండి పూడ్సుదాం."

"మీ లొల్లి ఆపుండ్రి."

ఆ మాట బాలవ్వది. పొద్దున్నుంచి అదే మొదటి మాట. గట్టిగా అనలేదు. అయినా ముగ్గురూ ఆగిపోయారు.

"కొమురెల్లీ. నీకంటె ముందుగాల ఒకడు పుట్టిండు. ఎరుకేనా?"

"ఎరుకే అవ్వా. జరమొచ్చి పోయిండని చెప్పినవ్."

"జరం కాదు."

గోడ దగ్గర అంతయ్య తల దించుకున్నాడు.

"పురిటి నడుం ఇంకా కట్టుకునే ఉన్న. కోడి కూయంగ దరువు మోగింది. గీ వాకిట్లనే మోగింది. ఇంటికొక మనిషి అన్నరు. మన ఇంటి మనిషి డప్పు కొడుతుండె. డప్పు కొట్టుడు లెక్కల రాదట. ఇంకొకరు రావాలె. నేను పోయిన." ఆమె ఊపిరి తీసుకుంది. "పోరన్ని చెర్వు నీళ్ళు పొర్లె మత్తడి కాడ తుమ్మచెట్టు నీడల పండవెట్టిన. తట్ట మోస్తనే ఉన్న. మధ్యల ఒక్కపారి పోయి పాలిచ్చొస్త అంటె పోనియ్యలే. నీడ జరిగింది. నీడ జరిగిన సంగతి నాకు ఎరుకలే. పోయి సూసేటాళ్ళకు నోరు తెరుసుకొని ఉన్నడు. ఏడుస్తలేడు."

వాకిట్లో కోడి ఒకటి గింజలు ఏరుతోంది.

గట్టయ్య తలకు చుట్టిన రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. రాజక్క పోయి అత్త పక్కన నేల మీద కూర్చుంది. ఆ ఇంటికి కోడలై వచ్చి ఇన్నేళ్ళయింది, ఈ మాట ఆమె కూడా వినలేదు. ఆ ముసలివాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఎందుకు అంత తక్కువ మాట్లాడతారో అడగాలని కూడా ఆమెకు తోచలేదు. ఇంట్లో కంచం, కుండ ఉన్నట్టే ఆ మౌనమూ ఉందనుకుంది.

బాలవ్వ మొగుడి వైపు తిరిగింది. "చెప్పు. ఆనాడు దరువు అన్ని ఇండ్ల ముంగట మోగింది. గడి ముంగట మోగిందా?"

అంతయ్య తల ఎత్తకుండానే అన్నాడు. "గడి గల్లికి పోతె డప్పు సంకల పెట్టుకోవాలె. చెప్పులు చేతుల పట్టుకోవాలె. సప్పుడు చెయ్యకుంట దాటాలె. గది కట్టుబాటు."

"ఇయ్యాల పొద్దుగాల ఏం చేసినవ్?"

అంతయ్య ఒడిలోని డప్పును దగ్గరికి లాక్కున్నాడు.

"బాపూ?" అన్నాడు కొమురెల్లి.

"...సంకల పెట్టుకున్న."

"ఇయ్యాల సుతనా? చెప్పులు?"

"చేతుల పట్టుకున్న. నాకు యాదిలేకుంటనే పట్టుకున్న రా. గల్లి దాటినంక సూసుకున్న."

కొమురెల్లి ఊళ్ళో సంఘం పెట్టాడు, లాఠీలు తిన్నాడు, గడి ముందు జెండా పాతాడు. ఇంట్లో ఉన్న తండ్రి ఇంకా చెప్పులు చేతిలో పట్టుకునే నడుస్తున్నాడని ఇన్నాళ్ళూ అతనికి తెలియలేదు.

"గిప్పుడు చెప్పు కొడుకా," అంది బాలవ్వ. "వెట్టి కాదంటివి. గడిని ఇడిసిపెట్టి కడమ ఇండ్లకెల్లి మనుషుల పిలిస్తె ఏమంటరు దాన్ని? ఆనాడు గట్లనే పిలిచిండ్రు. ఇయ్యాల గట్లనే పిలిచిండ్రు. ఊరు ఎందుకొస్తది? నేనెందుకు తట్ట ఇయ్యాలె? గడి ముంగట కొట్టుండ్రి. గదే దరువు, గదే మాట. గడికెల్లి ఒక మనిషి తట్ట పట్టుకొని వచ్చిండనుకో, నేను సుత వస్త. నా తోని అయినన్ని మోస్త."

"వద్దు చిన్నమ్మా," అన్నాడు గట్టయ్య వెంటనే. "వాన్ని పిలిస్తె నిజంగనే వస్తడు. ఖద్దరేసుకొని, దండలు ఏయించుకొని, ఫోటో దిగుతడు. కట్ట నేనే కట్టిచ్చిన అంటడు. వచ్చే ఎలక్షన్ల గదే చెప్పుకుంటడు."

"మోసినంక చెప్పుకోనీ," అన్నాడు కొమురెల్లి. "మనందరి లెక్క తట్ట మోస్తె, మనందరి లెక్కనే చెప్పుకుంటడు. ఏం పోతది?"

"దొర నెత్తి మీద తట్టనా?" అంది రాజక్క. "గది సూడనీకె మెట్‌పల్లి అంగడి అంగడంత వస్తది."

ఎవరో నవ్వారు. చూస్తే గట్టయ్యే.

అంతయ్య లేచాడు. చూరులోంచి గుప్పెడు గడ్డి లాగి వాకిట్లో అంటించాడు. డప్పును మంట మీద తిప్పి తిప్పి కాచాడు. చర్మం బిగిసింది. వేలితో కొట్టి చూశాడు.

"నేను కొడుత తే బాపు," అన్నాడు కొమురెల్లి. "నువ్వు వెంట రా, సాలు."

"నీకు రాదు."

అంతే అన్నాడు. డప్పు మెడకు వేసుకుని వాకిలి దాటాడు. అప్పుడు లేచింది బాలవ్వ, తట్ట చంకన పెట్టుకుని. పార గడప దగ్గరే ఉండిపోయింది. కొమురెల్లి దాన్ని తీసుకున్నాడు.

వాళ్ళు నడుస్తుంటే గల్లీలో తలుపులు వేసే ఉన్నాయి. తలుపుల సందుల్లో కళ్ళున్నాయి. సాంబయ్య మోకాలికి గుడ్డ కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఏడికిరా అంతయ్యా?" అన్నాడు. అంతయ్య చెప్పలేదు. సాంబయ్య కుంటుకుంటూ వెనక బయల్దేరాడు.

గడి గల్లీ మొదట్లో అంతయ్య కాళ్ళు ఆగాయి. నడుం వంగింది. చెయ్యి దానంతటదే చెప్పు దగ్గరికి పోయింది.

"మామా!" వెనక నుంచి రాజక్క కేకేసింది. "ముండ్లున్నయి. ఇడువకు."

ముండ్లు లేవు. అంతయ్యకూ తెలుసు. నడుం ఎత్తాడు. చెప్పులతోనే నడిచాడు.

గడి తలుపు ముందు నిలబడి కొట్టాడు. రెండు గట్టిగా, ఒకటి సాగదీసి. ఆ దరువు ఆ గోడలకు తగలడం అదే మొదలు. గోడల మీది పావురాలు లేచిపోయాయి. లోపల కుక్కలు మొరిగాయి.

పైన బంగ్లా వరండాలోకి దొర వచ్చాడు. తుపాకులు పట్టుకుని తిరిగిన ఇల్లు. ఇప్పుడు ఖద్దరు తొడిగింది.

"ఎవడ్రా? అంతిగా! నెత్తి గిన ఖరాబైందార నీకు?"

అంతయ్య చేతి కర్ర గాలిలో ఆగిపోయింది.

"చెప్పు," అంది బాలవ్వ.

"ఇంటికొక..." అంతయ్య ఆగి, దొర వైపు తలెత్తాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "ఇంటికొక మనిషి! మనిషికొక తట్ట! చెర్వు కట్టకు రావాలె!"

దొర మొహం మొదట నల్లబడింది. తర్వాత గల్లీలోకి చూశాడు. తలుపులు ఒకటొకటి తెరుచుకుంటున్నాయి. మనుషులు మూలల్లో పోగవుతున్నారు. అందరికీ ఓట్లున్నాయి. మొహం సర్దుకున్నాడు.

"గింత దానికి డప్పెందుకు కొమురెల్లీ? ఊరి పనంటె నేను కాదంటనా? లోపలికి రా, కూసో. నా పేర చందా రాసుకో. బియ్యం ఇప్పిస్త. పని నడిచినన్ని దినాలు అందరికి ఒక పూట బువ్వ గడిదే."

బువ్వ అనే మాట గుంపులో పాకింది. ఎండాకాలం నడుస్తోంది. చాలా ఇళ్ళలో ఒక పూటే పొయ్యి వెలుగుతోంది. అలాంటి వాళ్ళ ముందు బియ్యం వద్దనడం సులువు కాదు. సాంబయ్య కొమురెల్లి దగ్గరికి జరిగి గుసగుసగా అన్నాడు. "బియ్యం వద్దనకు రా కొడుకా. మనం పని చెయ్యనే చేస్తిమి, తింటె ఏం పోతది?"

కొమురెల్లి ముసలివాడి మోకాలి గుడ్డ వైపు చూశాడు. నెత్తురు ఇంకా తడిగానే ఉంది.

"గా బువ్వ తిన్నంక కట్ట ఎవలదైతది తాతా?" అంది రాజక్క.



"దొరా, చందా వద్దు," అన్నాడు కొమురెల్లి. "బియ్యం వద్దు. ధర్మం చెయ్యమని రాలే మేము. ఊరి పని, ఊళ్ళె ఉన్నోళ్ళందరి మీద ఉంటది. మీ ఇల్లు సుత ఊళ్ళెనే ఉన్నది. మనిషి కావాలె."

దొర లోపలికి తిరిగి కేకేశాడు. "సిద్దిగా!"

పెద్ద తలుపులోని చిన్న దిడ్డి తలుపు తెరుచుకుంది. సిద్దిరాములు బయటికి వచ్చాడు. గడి జీతగాడు. మీసం రాకముందు వచ్చాడు, ఇప్పుడు మీసం నెరుస్తోంది. చేతిలో కొత్త తట్ట.

"ఇగో, గడి మనిషి," అన్నాడు దొర. "సరిపాయెనా? ఇగ లొల్లి బంద్ చేసి పోండ్రి."

గుంపులో కొందరు నెమ్మదించారు. దొర ఇంటి నుంచి తట్ట బయటికి వచ్చింది, అదే గొప్ప అనుకున్నారు. బాలవ్వ ముందుకు నడిచింది.

"సిద్దిరాములూ, నీ ఇల్లు ఏడ బిడ్డా?"

అతను తికమకపడ్డాడు. "మత్తడి బాట మీద."

"ఇంట్ల ఎవలున్నరు?"

"మా అవ్వ. కండ్లు కనవడయి."

"మరి గా ఇంటి తరుపున కట్టకు ఎవలొస్తరు?"

సిద్దిరాములు నిలబడిపోయాడు. నీ ఇల్లు ఏదని అతన్ని ఎవరూ అడిగి ఉండరు. తట్ట వైపు చూశాడు. పైకి, దొర వైపు చూశాడు. తట్టను గడి మెట్టు మీద మెల్లగా, పగిలే వస్తువును దించినట్టు దించాడు.

"బాంచెన్ దొరా. మా ఇంటికెల్లి ఒకడు కావాలంటున్నరు. నేనొక్కన్నే ఉన్న."

"పో!" అన్నాడు దొర. "మల్ల గీ దర్వాజ తొక్కినవంటె కాళ్ళు ఇరుగుతయి."

సిద్దిరాములు పోయాడు. ఉరకలేదు. గల్లీ మధ్యలో నడుచుకుంటూ తన ఇంటి దిక్కు పోయాడు. దిడ్డి మూసుకుంది. లోపల గడియ పడింది. కొత్త తట్ట మెట్టు మీదే ఉండిపోయింది.

ఆ తర్వాత ఊరు కదిలింది. కొమురెల్లి చావడి దగ్గర గొంతు చించుకున్నా కదలని ఊరు. దేవవ్వ చల్లారిన పొయ్యి అలాగే వదిలి తట్ట తీసుకుని వచ్చింది. కాపుల ఇళ్ళ నుంచి పారలు వచ్చాయి. గొల్లవాడలో పడుచువాళ్ళు గడ్డపారలు భుజాన వేసుకుని వచ్చారు. గట్టయ్య కొమురెల్లి పక్కకు వచ్చి, "గట్ల సూడకు. నేను ఒప్పుకోలే. మోస్త, గంతే," అన్నాడు.

"నడువు అవ్వా," అన్నాడు కొమురెల్లి. "ఊరంత వస్తున్నది."

బాలవ్వ గడి తలుపుకు ఎదురుగా నేల మీద కూర్చుంది. చంకలోని తట్ట తీసి రాజక్కకు ఇచ్చింది.

"ఊరంత రాలే. ఒక ఇల్లు రాలే. నేనన్న మాట మీదనే ఉంట. మీరు పోండ్రి. మబ్బు మీ కోసం ఆగుతదా?"

"ఎండల ఎంతసేపు కూసుంటవే?"

"వాళ్ళు వచ్చేదాక."

అంతయ్య ఆమె పక్కకు వచ్చి, చెయ్యి చాపితే అందేంత దూరంలో చతికిలబడ్డాడు. డప్పు ఒడిలోకి తీసుకున్నాడు.

"కొట్టు," అంది ఆమె.

అతను కొట్టాడు.

కట్ట మీద పని మొదలయింది. చెరువు కడుపులోంచి రేగడి తవ్వి, తట్టలు చేయి నుంచి చేయికి మార్చుకుంటూ గండి దాకా పంపారు. ఒక వరస మట్టి, దాని మీద దిమ్మిస పోటు, మళ్ళీ మట్టి. నిరుడు ఓట్ల నాడు ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్ళు ఒకే తట్టను రెండు దిక్కుల పట్టుకుని లేపారు. సాంబయ్య మొయ్యలేక, కూర్చున్న చోటనే రాళ్ళు ఏరి వేశాడు. సిద్దిరాములు తన గుడిసెలోంచి పాత గడ్డపార తెచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా తవ్వాడు. మాటిమాటికీ గడి వైపు చూశాడు.

గడి ముందు డప్పు వినబడుతూనే ఉంది. మొదట అందరూ చెవి ఒగ్గారు. తర్వాత తెలియకుండానే దిమ్మిస పోట్లు ఆ దరువుతో కలిశాయి. పొద్దు నడినెత్తికి వచ్చింది, దిగింది. గండి అడుగు మోకాలి ఎత్తుకు లేచింది. పడమట మబ్బు పట్టింది.

డప్పు ఆగిపోయింది.

తట్టలు నెత్తుల మీదే నిలిచిపోయాయి. దిమ్మిస పట్టినవాళ్ళు దాన్ని గాలిలోనే ఆపారు. అందరూ గడి వైపు తిరిగారు.

"అలిసిపోయిండేమో ముసలోడు," అన్నాడు సాంబయ్య.

"అలిసిపోతె సప్పుడు తగ్గుకుంట తగ్గుకుంట పోతది తాతా," అంది రాజక్క. "ఇది నరికినట్టు ఆగింది."

"గడికెల్లి మనిషి వచ్చిండేమో. తట్ట పట్టుకొని వచ్చిండేమో," అంది దేవవ్వ.



గట్టయ్య పార ఎత్తి భుజాన వేసుకున్నాడు. అతని వెనక గొల్ల పడుచువాళ్ళు గడ్డపారలు ఎత్తారు. కట్ట మీద ఇనుము లేచింది.

కొమురెల్లి వాళ్ళకు అడ్డంగా వచ్చాడు. తల్లీ తండ్రీ ఆ గల్లీలో ఇద్దరే ఉన్నారు. ఇనుము పట్టుకుని ఊరు దిగితే పొద్దుగూకేలోపు గడి ముందు నెత్తురు పడుతుంది, తెల్లారితే పోలీసులు వస్తారు. పట్టుకుపోయేవాళ్ళని పట్టుకుపోతారు, మిగిలినవాళ్ళు మళ్ళీ పొయ్యిల్లో నీళ్ళు పోసుకుంటారు. వాన వస్తుంది. గండి అలాగే ఉంటుంది.

"పారలు ఈడ పెట్టుండ్రి."

"ఏమన్నవ్?" అన్నాడు గట్టయ్య.

"పారలు, గడ్డపారలు, అన్ని కట్ట మీద పెట్టుండ్రి. ఉత్త చేతులతోని పోదాం. అందరం పోదాం."

"పిచ్చి లేసిందారా? ఆడున్నది మీ అవ్వ."

"ఎరుకే నాకు."

"వాళ్ళు కొడితె?"

"ఎంతమందిని కొడుతరో కొట్టనీ. మనం కొట్టనీకె పోతలేము. మల్ల వచ్చి గీ పార పట్టాలె మనం. మబ్బు సూడు."

ముందుగా వంగింది సిద్దిరాములు. గడ్డపార మట్టిలో పెట్టి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"నేను ముందల నడుస్త," అన్నాడు. "గడి కుక్కలు నన్ను గుర్తువడుతయి."

దర్వాజ తొక్కితే కాళ్ళు విరుగుతాయని పొద్దున్నే విన్న మనిషి. కొమురెల్లి అతని పక్కన నిలబడ్డాడు. గొల్ల పడుచువాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని గడ్డపారలు దించారు. రాజక్క తట్ట దించింది. ఒక్కొక్కరే దించారు. మట్టి చేతులతో ఊరు కట్ట దిగింది.

సగం దారిలో కొమురెల్లి వెనక్కి తిరిగి చూశాడు. గుంపు చివర గట్టయ్య నడుస్తున్నాడు. భుజాన పార అలాగే ఉంది.

ఇంకోసారి చెప్పడానికి వ్యవధి లేదు. ముందు గడి గల్లీలో కుక్కలు మొరగడం మొదలుపెట్టాయి.